బెండు కింద ఎంత లోతు?

చెరువు గట్టున గాలం వేసి పెరిగినవాళ్లకు బెండు కొత్త వస్తువు కాదు. జీలుగ బెండు ముక్కో, నెమలి ఈక కాడో దారానికి కట్టి, అది మునిగిందా కర్ర పైకెత్తడమే పని. అలా పెరిగిన మనిషి ఉద్యోగం మీద బ్రిటన్ వెళ్లి, ఒక ఆదివారం సముద్రంలోకి చొచ్చుకుపోయిన పియర్ మీద రాడ్డు పట్టుకుని నిలబడితే చెరువు లెక్కలు చాలావరకు తప్పుతాయి. చెరువులో నీరు నిలిచి ఉంటుంది, సముద్రంలో నడుస్తుంది. చెరువు లోతు పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. సముద్రం లోతు గంటగంటకూ మారుతుంది. పక్కపక్కనే నిల్చున్న ఇద్దరిలో ఒకరికి చేప మీద చేప పడుతూ, రెండోవారి బెండు ఉలకకుండా ఉందంటే తేడా చాలాసార్లు ఎరలోనో అదృష్టంలోనో ఉండదు. ఎర ఏ లోతులో వేలాడుతోందన్న దగ్గర ఉంటుంది. సముద్రపు బెండు వేటలో కొత్తవాళ్లకు వచ్చే సందేహాలన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరతాయి.

గుండు కట్టి అడుగున వేస్తే సరిపోదా? బెండు ఎందుకు?

అడుగున తినే చేపల కోసమైతే సరిపోతుంది. ఇసుక మీద పడుకునే ప్లేస్, డాబ్ లాంటి బల్లపరుపు చేపలకు బెండుతో పని లేదు. కానీ బ్రిటన్ గట్ల దగ్గర వేసవిలో దొరికే చేపల్లో చాలావాటికి నేలతో సంబంధమే తక్కువ. మాకెరెల్ మన కానాగంతలకు దగ్గరి చుట్టం. దాని ఒంట్లో గాలితిత్తి ఉండదు, ఈత ఆపితే మునిగిపోతుంది. అందుకే గుంపులుగా నడినీళ్లలో తిరుగుతూనే ఉంటుంది. సూదిలాంటి ముక్కున్న గార్‌ఫిష్ దాదాపు నీటి పైపొరలోనే బతుకుతుంది. పొలాక్ సముద్రపు నాచు దుబ్బుల మీద నిలబడి, పైన ఏదైనా కదిలితే లేచి పట్టుకుని మళ్లీ దుబ్బుల్లోకి దూకుతుంది. ఈ మూడింటికీ అడుగున పడేసిన ఎర కంటబడే అవకాశం తక్కువ. పైగా దాన్ని పీతలు కొరికేస్తాయి, గుండు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

బెండు మూడు పనులు చేస్తుంది. ఎరను మనం కోరిన లోతులో నిలుపుతుంది, నీటి వాలుతో పాటు దాన్ని నడిపిస్తుంది, చేప ముట్టినప్పుడు కబురు చెబుతుంది. మనందరి దృష్టీ మూడోదాని మీదే ఉంటుంది. చేపను తెచ్చేది మాత్రం మొదటి రెండు.

బెండును తాడుకు బిగించేస్తే పోలేదా? జారే బెండు ఎందుకు?

గట్టు మీద వాడే రాడ్డు సాధారణంగా 3 నుంచి 3.6 మీటర్లు. బెండును గాలానికి 5 మీటర్ల ఎగువన బిగించామనుకోండి, విసిరేటప్పుడు ఆ 5 మీటర్ల తాడూ రాడ్డు కొన నుంచి వేలాడాలి. అది విసరడానికీ కుదరదు, చేపను దగ్గరకు లాక్కోవడానికీ కుదరదు. జారే బెండు ఈ చిక్కు తీరుస్తుంది. విసిరేటప్పుడు బెండు గుండుకు ఆనుకుని కిందే ఉంటుంది. నీళ్లలో పడ్డాక గుండు దిగుతుంటే తాడు బెండు గుండా జారుతుంది. మనం ముందే వేసిన ఆపు ముడి వచ్చి బెండుకు తగలగానే జారడం ఆగి, బెండు నిటారుగా లేస్తుంది. ముడి ఎక్కడ ఉంటే అంత లోతు.

కట్టే వరస ఇది. ముందు అసలు తాడు మీద, మామూలు దారంతోనో సాగే దారంతోనో ఐదారు చుట్లు వేసి ఆపు ముడి. దాని కింద చిన్న పూస, తర్వాత బెండు, మరో పూస, నడుమ రంధ్రమున్న గుండు, ఇంకో పూస, చివర తాడు మెలిపడకుండా తిరిగే స్వివెల్. స్వివెల్ రెండో కంటికి ముప్పావు మీటరు నుంచి మీటరు దాకా సన్నని తంగూసు, దాని కొసన గాలం.

ఏదీ ఊరికే లేదు. మొదటి పూస లేకపోతే ముడి బెండు కంట్లోంచి దూరిపోతుంది, లోతు నిలవదు. గుండుకూ స్వివెల్‌కూ మధ్య పూస లేకపోతే ప్రతి విసురుకూ గుండు వెళ్లి స్వివెల్ ముడిని కొడుతుంది. కొస తంగూసు అసలు తాడుకన్నా బలహీనంగా ఉండాలి. గాలం రాయికి పట్టేస్తే అదొక్కటే తెగి బెండు, గుండు మన చేతికొస్తాయి. ఆపు ముడి చివరలు మరీ పొట్టిగా కత్తిరించకండి. పొట్టి చివరలు ముల్లులా నిలబడి రాడ్డు రింగుల్లో తట్టుకుంటాయి. రెండు మూడు సెంటీమీటర్లు వదిలితే వంగి మెత్తగా జారిపోతాయి.

తాడు చుట్టుకుపోతుంటే? విసురు విదిలింపులా కాకుండా ఊపులా ఉండాలి. బెండు నీళ్లను తాకబోయే ముందు రీలు మీద వేలు ఆనించి తాడును కాస్త ఆపండి. ఎర ముందుకు సాగి బెండుకు దూరంగా పడుతుంది.

బెండుకు ఎంత బరువు కట్టాలి?

బెండు పక్కన 20 గ్రాములు అని ఉంటే అది మోయగలిగిన బరువు అంత. గుండు, స్వివెల్, పూసలు, ఎర అన్నీ కలిపి దానికన్నా కొంచెం తక్కువ ఉండాలి. రంగు వేసిన కొన మాత్రమే పైకి కనబడితే లెక్క కుదిరినట్టు.

ఇంట్లో బకెట్ నీళ్లలో సరిచూసుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. బెండు, గుండు కలిసి 25 గ్రాములనుకుంటే, బకెట్లో అవి 25 ఘన సెంటీమీటర్ల నీటిని తోస్తాయి, సముద్రంలో 24.4 తోస్తే చాలు. కొన 8 మిల్లీమీటర్ల లావుంటే ఆ తేడాకే బెండు ఒక సెంటీమీటరుకు పైగా లేచి నిలబడుతుంది. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి చూస్తే ఈ తేడా పోతుంది.

ఆ కాస్త ఎత్తుకు ఇంత లెక్క ఎందుకంటే, చేపకు తెలిసేది మన బెండు బరువు కాదు, దాన్ని ముంచడానికి అదనంగా లాగాల్సిన బలం. 8 మిల్లీమీటర్ల సన్నని కొనను ఒక సెంటీమీటరు ముంచడానికి అర గ్రాము లాగితే చాలు. సగం మునిగి తేలుతున్న 4 సెంటీమీటర్ల గుండ్రని బెండును అంతే ముంచాలంటే సుమారు 12 గ్రాములు కావాలి. అనుమానంగా తినే చేప ఆ బరువు తగలగానే ఎరను ఉమ్మేస్తుంది. అలాగని ఎప్పుడూ సన్నని బెండే మేలనీ కాదు. అలలు రేగిన రోజు సన్నని కొన ప్రతి అల కిందా మాయమవుతుంది, చేప ముంచిందో అల ముంచిందో తెలియదు. నీరు నెమ్మదిగా ఉంటే సన్నది, రేగితే లావుది.

బెండుకు సన్నని కొన పెట్టే కిటుకు కొత్తదేం కాదు. చేపల వేట మీద ఇంగ్లిషులో 1496లో అచ్చయిన ఒక గ్రంథం, బెరడు బెండుకు కాల్చిన ఇనుముతో రంధ్రం చేసి ఈక కాడ దూర్చే పద్ధతి చెబుతుంది. గుండు సంగతి మాత్రం మారింది. చేపల వేటగాళ్లు పారేసిన సీసం మింగి హంసలు చనిపోతున్నాయని, బ్రిటన్‌లో 1987 నుంచి 28 గ్రాముల లోపు సీసపు గుళ్ల అమ్మకాన్ని, మరీ సన్న రవ్వలు మినహా, నిషేధించారు. బెండుకు కట్టే చిన్న బరువులు వేరే లోహాలవి అడిగి కొనండి.

చేప ఏ లోతులో ఉందో ఎలా తెలుస్తుంది?

ముందు నేల ఎంత కింద ఉందో చూడాలి. ఆపు ముడిని పైకి జరుపుతూ విసురుతూ పోండి. ఒక దశలో గుండు నేల మీద కూర్చుంటుంది, బెండుకు బరువు అందక నీటి మీద పడుకుంటుంది. అక్కడి నుంచి ముడిని కొద్దికొద్దిగా దించితే, బెండు లేచి నిలబడిన చోట గుండు నేలను వదిలినట్టు. అయితే గాలం ఇంకా గుండు కింద ముప్పావు మీటరు వేలాడుతోందని మరవకండి. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటేనే అడుగు తెలిసినట్టు.

ఇప్పుడు చేపల్ని రెండు జాతులుగా విడదీయండి. ఈ విభజన ఏ జీవశాస్త్ర పుస్తకంలోనూ ఉండదు, బెండు వేటకు మాత్రం ఇదే ఆయువుపట్టు. కొన్ని చేపల లోతును పైనుంచి కొలవాలి, కొన్నిటి లోతును కిందినుంచి కొలవాలి. గార్‌ఫిష్ పైనుంచి మీటరు లోపు. మాకెరెల్ పైనుంచి 2 నుంచి 4 మీటర్లు; ఎండ తీవ్రంగా ఉంటే ఇంకా కిందికి, పొద్దు వాలుతుంటే పైకి. పొలాక్ కిందినుంచి, నాచు దుబ్బుల తలల మీద ఒక మీటరు. రాళ్ల సందుల్లో పీతల్నీ నత్తల్నీ నమిలే రాస్ చేప కిందినుంచి, అర మీటరు లోపు.

మాకెరెల్ ఉందని తెలిసినా పడకపోతే చోటు మార్చకముందు అర మీటరు చొప్పున లోతు మార్చి చూడండి. మొదటిది పడిన లోతులోనే ముడిని వదిలేయండి. గుంపు అంతా దాదాపు అదే మట్టంలో ఉంటుంది.

పోటు ఎక్కుతుంటే ముడిని మార్చాలా?

పైనుంచి కొలిచే చేపకు అక్కర్లేదు. నీరు లేస్తే బెండూ లేస్తుంది, ఎరా లేస్తుంది, మాకెరెల్ కూడా లేస్తుంది. కిందినుంచి కొలిచే చేపకు మాత్రం మార్చి తీరాలి. రాస్ నేలనే అంటిపెట్టుకుని ఉంటే మన ఎర గంటగంటకూ దాని నెత్తి మీదుగా పైకి పోతుంది. పాటు వేళ దీనికి సరిగ్గా వ్యతిరేకం. గాలం వచ్చి రాళ్లలో చిక్కుకుంటుంది.

ఎంత మార్చాలో చెప్పే పాత నావికుల లెక్క ఒకటుంది. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటలు. మొత్తం తేడాను పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి మారతాయి. తేడా 6 మీటర్లయితే మొదటి గంటలో అర మీటరే, నడిమి రెండు గంటల్లో ఏకంగా 3 మీటర్లు. రాస్ కోసం వేసినవాళ్లు ఆ రెండు గంటల్లో పావుగంటకోసారి ముడిని ముప్పై నలభై సెంటీమీటర్లు జరపాలి. పోటు రెండుసార్లు పొడిచే సౌతాంప్టన్ లాంటి చోట్ల ఈ లెక్క పనికిరాదు. అక్కడ పట్టిక చూసుకోవాల్సిందే.

విశాఖలో గాలం వేసి అలవాటైనవాళ్లకు ఇది అతిగా అనిపిస్తుంది. అక్కడ పెద్ద పోటు రోజుల్లో కూడా తేడా ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూ. బ్రిస్టల్ చానెల్ ఎగువన అదే తేడా 14 మీటర్లు దాటుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బలంగా, అష్టమి దాటాక మందంగా ఉండటం మాత్రం రెండు చోట్లా ఒకటే. బెండు నేర్చుకునేవాళ్లకు అష్టమి తర్వాతి రోజులే అనువు. నీటి లాగుడు తక్కువ, లోతు మార్పు తక్కువ.

నీరు బెండును లాక్కుపోతుంటే ఏం చేయాలి?

పోనివ్వండి. బెండు వల్ల వచ్చిన లాభమే అది. ఒకచోట కూర్చుని యాభై మీటర్ల నీటిని ఎరతో గాలించవచ్చు. గొడవంతా బెండుకూ రాడ్డుకూ మధ్య నీటి మీద పరుచుకున్న తాడుతోనే వస్తుంది. గాలి దాన్ని విల్లులా వంచి, బెండును నీటి దారి నుంచి పక్కకు ఈడుస్తుంది. ఎర అడ్డంగా కొట్టుకుపోతుంది, చేప నమ్మదు. పైగా చేప ముట్టినప్పుడు మనం రాడ్డు ఎత్తితే ముందు ఆ వంపు సాగాలి, ఈలోగా చేప వెళ్లిపోతుంది. రాడ్డు కొన ఎత్తిపట్టి వీలైనంత తాడును నీటికి తగలకుండా ఉంచడం, వంపు పడ్డప్పుడల్లా తాడును ఎత్తి గాలికి ఎదురువైపు వేయడం, వదులైన తాడును చుట్టేయడం అలవాటు చేసుకోవాలి.

తాడు ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. సముద్రపు నీటి సాంద్రత 1.025 అనుకుంటే నైలాన్ తంగూసు 1.14, ఫ్లోరోకార్బన్ 1.78, అల్లిక తాడు 0.97. ఫ్లోరోకార్బన్ మునిగి బెండును కిందికీ వెనక్కీ లాగుతుంది, అసలు తాడుగా పనికిరాదు. కానీ నీటిలో కంటికి తక్కువ ఆనుతుంది కాబట్టి కొస తంగూసుగా బాగుంటుంది. అల్లిక తాడు తేలుతుంది, సాగదు. గాలికి మాత్రం త్వరగా లొంగుతుంది, ఆపు ముడి దాని మీద జారుతుంది. కొత్తవాళ్లకు 12 నుంచి 15 పౌండ్ల నైలాన్ తంగూసు క్షేమం.

బెండును అప్పుడప్పుడు ఒక క్షణం ఆపి పట్టండి. నీరు ఎరను ముందుకు తోసి పైకి లేపుతుంది, వదలగానే మళ్లీ దిగుతుంది. చాలా చేపలు ఆ లేచి దిగే క్షణంలోనే అందుకుంటాయి. ఎక్కువసేపు ఆపితే మాత్రం ఎర ముడి చెప్పే లోతుకన్నా బాగా పైన ఈదుతుంది, లోతు లెక్క తప్పుతుంది.

బెండు మునగకుండా పడుకుంటే చేపేనా?

కావచ్చు. చేప ఎరను పట్టుకుని పైకి ఈదితే గుండు బరువు బెండు మీద తగ్గి అది ఒరుగుతుంది. గార్‌ఫిష్‌కు ఇది మామూలు. ఒక్కోసారి బెండు మునగకుండా పక్కకు పరుగెత్తుతుంది, అదీ గార్‌ఫిష్ పనే. అయితే గుండు నేలకు తగిలినా బెండు పడుకుంటుంది. ముడిని కొంచెం దించి చూస్తే నిజం తేలుతుంది.

మాకెరెల్ అయితే బెండు ఒక్కసారిగా మాయం. పొలాక్ గట్టిగా ముంచి నేరుగా దుబ్బుల వైపు దూకుతుంది, ఆ మొదటి పరుగును అడ్డుకోగలిగితే మిగతాది సులువు. రాస్ ముందు రెండు మూడు పొడుపులు పొడిచి అప్పుడు ముంచుతుంది. మునిగిన వెంటనే లేపకపోతే రాయి సందులో దూరి భీష్మించుకుంటుంది. రేవుల్లో తిరిగే మల్లెట్ బెండును వణికిస్తుంది తప్ప ముంచదు. దాని పెదవులు మెత్తన, గట్టిగా గుంజితే గాలం చీల్చుకుని వచ్చేస్తుంది. కుదుపు లేకుండా నెమ్మదిగా మునిగితే చాలాసార్లు నాచు.

ఇంకొకటి. విసిరాక గుండు దిగి బెండు నిలబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సమయం మనసులో లెక్కపెట్టుకోండి. అంతకు ముందే బెండు లేచినా, ఎంతకీ లేవకపోయినా తాడు చిక్కుపడి ఉండాలి, లేదా దిగే దారిలోనే మాకెరెల్ ఎరను అందుకుని ఉండాలి. చేప పైనే ఉందనడానికి అదొక సూచన.

ఏ గాలం, ఏ ఎర?

గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 1 దాటి 1/0, 2/0 అని వెళితే పెరుగుతుంది. మాకెరెల్‌కు 4 నుంచి 1, గార్‌ఫిష్‌కు 8 లేదా 6, మల్లెట్‌కు 10 లేదా 8, రాస్‌కు 1 లేదా 1/0. మాకెరెల్‌కు మాకెరెల్ తునకే మంచి ఎర. చర్మంతో సహా వేలెడు పొడవున పలచగా కోసి, ఒక కొసన ఒక్కసారే గుచ్చండి, రెండోకొస నీటిలో ఆడుతుంది. రెండుచోట్ల గుచ్చితే మడతపడి గిరగిర తిరిగి కొస తంగూసును మెలిపెడుతుంది. రాస్‌కు పీత, లేదా రాగ్‌వర్మ్ అనే సముద్రపు పురుగు. మల్లెట్‌కు రొట్టె, నానబెట్టిన రొట్టె చల్లి అవి ధైర్యంగా తినేదాకా ఆగి, అప్పుడు గాలం దింపాలి.

చేపల్ని రప్పించడానికి మాకెరెల్ వ్యర్థాలు, తవుడు, రొట్టె కలిపి నూరి చెంచాడేసి చల్లుతారు. నీటి వాలుకు ఎగువన చల్లాలి. ముద్ద కరిగి పోయే దారీ బెండు పోయే దారీ ఒకటి కాకపోతే చేపల్ని పక్కవాళ్లకు పంపినట్టే.

చట్టం, జాగ్రత్తల మాటేమిటి?

ఇంగ్లండ్‌లో రాడ్డుతో సముద్రపు చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ చేపకు కనీస పొడవు నియమాలున్నాయి. బాస్ అనే చేప 42 సెంటీమీటర్లకు తగ్గితే వదిలేయాలి. వాటిని ఎన్ని ఉంచుకోవచ్చు, ఏ నెలల్లో అన్న నిబంధనలను తరచూ సవరిస్తుంటారు, బయల్దేరే ముందు చూసుకోవాలి. బాలన్ రాస్‌లన్నీ ఆడవిగా పుట్టి, కొన్నే పెద్దయ్యాక మగవవుతాయి, ఎదుగుదలా నెమ్మది. పెద్దదాన్ని తీసేస్తే ఆ రాళ్ల గుంపుకున్న మగచేప పోవచ్చు. రాస్‌ను వదిలేయడమే మేలు. గార్‌ఫిష్ ఎముకలు ఆకుపచ్చగా ఉన్నాయని పారేయకండి, అది పిత్తంలోనూ ఉండే ఒక రంగు, హాని లేదు.

ఎత్తైన పియర్ మీద బరువైన చేపను తాడుతో ఎత్తితే తెగుతుంది, కిందికి దించే వల ఉండాలి. రాళ్ల మీదైతే దిగేముందు ఓ పావుగంట అలల్ని గమనించండి, చిన్న అలల మధ్య అప్పుడప్పుడు వచ్చే పెద్దది ఎక్కడిదాకా తాకుతోందో చూడండి. లైఫ్‌జాకెట్ వేసుకోండి, సముద్రానికి వీపు పెట్టకండి. ఎవరైనా పడిపోతే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి, వెంట దూకకూడదు.

రోజంతా ఏమీ పడకపోతే ఏది మార్చాలి?

చాలామంది ముందు ఎర మారుస్తారు, తర్వాత చోటు, ఆఖరున లోతు. ఈ వరసను తలకిందులు చేయండి. మొదట లోతు, అర మీటరు చొప్పున పైనుంచి నేలదాకా. రెండోది బెండు నడక, అది నీటి వేగంతో పోతోందా, తాడు ఈడుస్తోందా అని. తర్వాత గాలం, కొస తంగూసు సన్నవి చేసి చూడండి. ఎర ఆ తర్వాత, చోటు అన్నిటికన్నా చివర. లోతు మార్చడానికి ముడిని జరిపితే చాలు, అర నిమిషం కూడా పట్టదు. ఖర్చు లేనిదాన్ని ముందు పరీక్షించి, సామాను సర్దుకుని నడవాల్సినదాన్ని ఆఖరుకు ఉంచడమే పద్ధతి. జూలై, ఆగస్టుల్లో అష్టమి తర్వాతి ఒక ప్రశాంతమైన సాయంత్రం, పోటు నిండే చివరి రెండు గంటలు చూసుకుని, 20 గ్రాముల జారే బెండు, మాకెరెల్ తునకతో 2 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి.